ఇంకా తక్కువ కాలేదు, సాక్ష్యం ఏమని చెప్పాలి?

ప్రశ్న: అక్కా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయనకు రెండు కిడ్నీలు పాడై పద్నాలుగు నెలలైంది. వారానికి మూడు సార్లు నల్లగొండకు పోయి డయాలసిస్ చేయించుకొని వస్తున్నం. అంతకుముందే పత్తి దెబ్బతిన్నది, వేసిన మూడు బోర్లూ ఫెయిలయినయి. మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు ఉంది. నేను పెండ్లికి ముందు నుంచే విశ్వాసిని. మా ఆయన చర్చికి వస్తడు కానీ బాప్తిస్మం తీసుకోలేదు.

వచ్చే నెల మా చర్చిలో ఉపవాస కూడికలు. ఆఖరి రోజు నన్ను సాక్ష్యం చెప్పమంటున్నరు. ‘స్వస్థత దొరికింది అని విశ్వాసంతో పలుకు, పలికితే జరుగుతది’ అని పెద్దలు అంటున్నరు. ఇంటి దగ్గర మా బావ నలుగురి ముందు ‘మీ యేసు ఏం చేసిండు? చెర్వుగట్టు గుడికి పోదామంటే వినకపోతివి. మీ తాతలు పాలపిండి కోసం మతం మారిండ్రు, నువ్వు దేనికోసం పట్టుకొని ఏలాడుతున్నవ్’ అంటడు. పోయినేడు అర్ధరాత్రి మా ఆయనకు ఆయాసం వస్తే ఆటో మాట్లాడి తీసుకపోయింది కూడా ఈ బావే. మొన్న డయాలసిస్ వార్డులో పక్క మంచం ఆమె ‘ఏం చదువుతున్నవ్’ అని అడిగితే నేను బైబిల్ గబుక్కున సంచిలో పెట్టి ‘ఏం లేదు, పిల్ల పుస్తకం’ అన్న. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పేతురు లెక్క చేసిన అనిపించింది. బిడ్డ ఇంటర్ చదువుతుంది. ‘నువ్వు మరీ బయటపడితే దాని ఎస్సీ సర్టిఫికెట్‌కు ఎసరు’ అని మా తమ్ముడు భయపెడుతుండు. మా ఆయన రాత్రిళ్లు ‘నేను పోతే మీకు ఈ తిప్పలు తప్పుతయి’ అంటడు. నేను ఎవరి ముందు ఏం చెప్పాలె, ఎక్కడ ఊకోవాలె?

— ఒక చెల్లె, నల్లగొండ జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా, వందనాలు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఉపవాస కూడికలు ఎన్ని రోజులున్నా, ఆ రోజుల్లో మీ ఆయనకు డయాలసిస్ ఒక్క తడవ కూడా తప్పకూడదు. ఆస్పత్రికి పోవద్దని ఎవరో అన్నట్టు మీరు రాయలేదు. కానీ ‘స్వస్థత దొరికింది అని పలుకు’ అనే మాట వెనకాలే ‘దొరికిందని నమ్మితే మళ్లీ మిషన్ ఎందుకు’ అనే మాట వస్తుంది. ఆ మాట వచ్చిన ఇండ్లు నేను చూశాను. కిడ్నీలు పని చేయని ఒంట్లో నీరు, పొటాషియం రోజురోజుకూ పేరుకుంటాయి. పొటాషియం మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఇంకొకటి, ఉపవాసం విడిచేటప్పుడు కొబ్బరినీళ్లు, అరటిపండ్లు, బత్తాయి రసం ఇస్తారు కదా. మనకు అవి మంచివే. ఆయనకు కాదు, వాటిలో ఉండేది ఆ పొటాషియమే. ఏది ఎంత తినొచ్చో, రోజుకు ఎన్ని నీళ్లు తాగొచ్చో డాక్టరు చెప్పిన లెక్క కూడికల రోజుల్లో కూడా అదే లెక్క. ఉపవాసం మీరు ఉండండి, ఆయనను ఉంచకండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మీరు నిలబడబోయే చోట నేను ఒకసారి నిలబడ్డాను.

మాది పాలమూరు వైపు. నాకు ఇరవై ఆరేండ్ల వయసులో మా తమ్మునికి లివర్ పాడైంది. పసరు మందులు, పెద్దాస్పత్రి, మళ్లీ పసరు మందులు అన్నీ అయినాయి. ఒక కూడికలో నన్ను ముందుకు పిలిచి, ‘చెప్పమ్మా, నీ తమ్మునికి తగ్గిందని చెప్పు, సంఘమంతా ఆమేన్ అంటుంది’ అన్నారు. నేను మైకు పట్టుకొని ‘మా తమ్మునికి పూర్తిగా తక్కువైంది’ అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. తమ్ముడు వెనక బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. కండ్లు పచ్చగా ఉన్నాయి. నా వైపే చూస్తున్నాడు. ఇంటికి పోయేటప్పుడు దారిలో అడిగాడు: ‘అక్కా, నాకు తక్కువ కాలేదు గదా, ఎందుకట్ల చెప్పినవ్?’

నేను ఏం జవాబు చెప్పానో నాకే గుర్తులేదు. ఆ తర్వాత అతను నాతో నొప్పి అని అనలేదు, అది మాత్రం గుర్తుంది. అంటే అక్క అబద్ధం చెప్పినట్టవుతుంది కదా. కడుపు ఉబ్బుతున్నా ‘బాగనే ఉన్న’ అనేవాడు. మూడు వారాలకు పోయాడు. మట్టి చేసినంక చర్చిలో ఎవరూ నా దగ్గరికి వచ్చి ఏమీ అడగలేకపోయారు. నేను కూడా రెండేండ్లు ఆ గడప తొక్కలేకపోయాను. తమ్ముడు చనిపోయినందుకు దేవుని మీద కోపం కంటే, వాని ఆఖరి మూడు వారాల మాటలు నేను పోగొట్టుకున్నాననే బాధ ఎక్కువ. ఇన్నేండ్లయినా ఆ బాధ అట్లాగే ఉంది.

అందుకే మీకు చెప్పేది ఒకటే. సాక్ష్యం చెప్పండి. జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఆ మాటను ఒక్కసారి మన తెలుగులో విని చూడండి. కోర్టులో చెప్పేదీ సాక్ష్యమే, చర్చిలో చెప్పేదీ సాక్ష్యమే. కోర్టులో సాక్షిని ఏమడుగుతారు? ఏం చూసినవ్, ఏం విన్నవ్ అని. కేసు ఎవరు గెలుస్తారో చెప్పమని అడగరు. తీర్పు వచ్చిందాకా ఆగి అప్పుడు చెప్పమని కూడా అనరు. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం పలకవద్దనే ఆజ్ఞ ఉంది. అది పొరుగువాని మీద పలికే అబద్ధం గురించే కావొచ్చు, కానీ దేవుని పేరు మీద పలికే అబద్ధం అంతకంటే చిన్నది ఎట్లా అవుతుంది? ఇంకో మాట ఉంది మన దగ్గర, హతసాక్షి అని. రాళ్ల దెబ్బలతో చనిపోయిన స్తెఫనును అట్లా పిలుస్తాం. అతనికి ఏ విడుదలా దొరకలేదు. అయినా అతని పేరులో సాక్షి ఉంది.

‘పలికితే జరుగుతది’ అన్న పెద్దలు దుర్మార్గులని నేను అనను. పద్నాలుగు నెలలు తక్కువ కాని జబ్బును చూస్తే ఏ సంఘానికైనా భయమే. ప్రార్థన చేసి చేసి, ఇంకేం చేయాలో తెలియక, నీ నోటితో అయినా అయిందనిపిస్తే బాగుండు అనుకుంటారు. వాళ్ల ప్రేమను తోసేయకండి. కానీ వాళ్ల చేతిలో ఉన్న గ్రంథం వాళ్లు చెప్పినట్టు మాట్లాడదు.

బైబిల్లో హబక్కూకు ప్రవక్త పుస్తకం చివరి అధ్యాయం మీకు తెలిసే ఉంటుంది. కష్టం వచ్చినప్పుడల్లా మన చర్చిల్లో చదువుతారు. ఎక్కడి నుంచి చదువుతారు? యెహోవాయందు ఆనందిస్తాను అనే దగ్గర నుంచి. దానికి ముందున్నది తొందరగా దాటేస్తారు. అక్కడ ఆ ప్రవక్త ఒక రైతులాగా నష్టం లెక్క చెప్తాడు. అంజూరం పూయలేదు, ద్రాక్ష కాయలేదు, ఒలీవ పనికి రాలేదు, చేను పండలేదు, దొడ్డిలో గొర్రెలు లేవు, కొట్టంలో పశువులు లేవు అని ఆరింటినీ పేరు పేరునా చెప్పాకే, ‘అయినను’ ఆనందిస్తాను అన్నట్టు మాట్లాడతాడు. ఇంకొంచెం పైకి పోతే, కాళ్లు వణుకుతున్నాయి, ఎముకలు కుళ్లిపోతున్నట్టుంది అంటాడు. మొత్తం మూడు అధ్యాయాల చిన్న పుస్తకం అది. మొదలే ‘ఎన్నాళ్లు మొరపెట్టాలి, నువ్వు వినవా’ అని దేవునితో గొడవ. ఆ గొడవ, ఆ లెక్క తీసేస్తే ‘అయినను’ అనే మాటకు అర్థమే లేదు. దేనికి అయినను?

మీ లెక్క మీకుంది. పత్తి, మూడు బోర్లు, మిత్తి, వారానికి మూడు సార్లు నల్లగొండ. దాన్ని చెప్పిన తర్వాతే మీ ‘అయినను’ రావాలి.

అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు కూడా అంతే. మా దేవుడు రక్షించగల సమర్థుడు అని రాజుతో అన్నారు, ఆ వెంటనే ‘ఒకవేళ రక్షించకపోయినా’ నీ ప్రతిమకు మొక్కం అన్నారు. ఆ మాట మంటలోకి పోకముందు అన్నారు, బయటికి వచ్చాక కాదు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో ఉత్తరం మొదట్లోనే, ఆసియలో మాకు వచ్చిన శ్రమ మీకు తెలియాలి, బతుకుతామన్న ఆశ కూడా పోయింది అని దాచకుండా రాశాడు. తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడు సార్లు వేడుకున్నాడు. తీయలేదు. అది కూడా సంఘానికి రాశాడు. ఇక 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా ఏడుపే, అది చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. నూట యాభై కీర్తనల్లో దాన్ని కూడా ఉంచారు. గుడిలో పాడుకున్నారు. మనకు మాత్రం మైకు ముందు చీకటి అనడం తప్పెందుకు కావాలి?

మీరు ఏం చెప్పొచ్చో నేను ఇక్కడ రాస్తున్నాను. ఇదే చెప్పమని కాదు. మీ మాటల్లోకి మార్చుకోండి:

‘మా ఆయనకు ఇంకా తక్కువ కాలేదు. పద్నాలుగు నెలల నుంచి మిషన్ మీదనే ఉన్నడు. పత్తి పోయింది, బోర్లు పోయినయి, అప్పు ఉంది. కొన్ని రాత్రిళ్లు నాకు ప్రార్థన రాదు, యేసయ్యా అని పేరు ఒక్కటే వస్తది. ఇది ఎందుకు వచ్చిందో నాకు తెలవదు. ఆస్పత్రిల ఆరోగ్యశ్రీ కింద చేస్తున్నరు, అక్కడి సిస్టర్లు మంచిగ చూస్తున్నరు, వాళ్లకు కృతజ్ఞతలు. మా బావ అర్ధరాత్రి మమ్మల్ని తీసుకపోయిండు. ఇయ్యాల దాకా దేవుడు మమ్మల్ని ఇట్ల తీసుకొచ్చిండు. రేపు ఎట్లనో నాకు తెలవదు గని, నేను ఆయనను విడిచిపెట్టను. మీరు కూడా మమ్మల్ని విడిచిపెట్టకుండ్రి.’

రెండు నిమిషాలు కూడా పట్టదు. చప్పట్లు రాకపోవచ్చు. కానీ ఆ వెనక బెంచీల మీద కొడుకు తాగుడు మానని తల్లి, పిల్లలు కాని కోడలు, పుణె బిల్డింగుల పనికి పోయిన భర్త నుంచి ఫోను రాని భార్య ఉంటారు. తమకు తక్కువ కాలేదు కాబట్టి తమ విశ్వాసంలోనే ఏదో లోపం ఉందని వాళ్లు లోపల్లోపల కుమిలిపోతుంటారు. వాళ్లు మీ మాట వింటారు. నేను మళ్లీ చర్చికి పోయింది కూడా అట్లాంటి మాట విన్నాకే. ఒక ముసలమ్మ లేచి ‘ఈ వారం ఇంట్ల గింజ లేదు, అయినా వచ్చిన, కూసుంట’ అని కూర్చుంది. అంతే.

ఇట్లా చెప్పడానికి పెద్దలు ఒప్పుకోకపోతే గొడవ పెట్టుకోవద్దు. ‘అయ్యగారూ, ఈసారి సాక్ష్యం వద్దు, ప్రార్థన మనవి చెప్తాను’ అనండి. దాన్ని ఎవరూ కాదనలేరు. స్వస్థత కోసం ప్రార్థన చేయడం ఆపమని నేను అనడం లేదు. నేనూ చేస్తాను. కావాలని అడగడం వేరు, అయిపోయిందని చెప్పడం వేరు. ఇంకా, స్వస్థత పేరు చెప్పి ప్రత్యేక కానుక ఇయ్యమంటే దానికోసం కొత్తగా మిత్తికి తేకండి. రెండు కాసులు వేసిన విధవరాలిని యేసు మెచ్చుకున్నాడు, నిజమే. కానీ ఆమె ఎవరి దగ్గరా అప్పు తెచ్చి వేయలేదు.

మీ బావ సంగతికి వద్దాం.

‘నీ దేవుడు ఏం చేసిండు’ అనే ఎత్తిపొడుపు పాతది. 42వ కీర్తన రాసినవాణ్ణి రోజూ అదే అడిగారట, వాని కన్నీళ్లే వానికి అన్నమయ్యాయట. సిలువ కింద నిలబడ్డవాళ్లు కూడా, ఇతరులను రక్షించాడు గదా, తనను తాను రక్షించుకోలేడా అన్నారు. దానికి యేసు జవాబు చెప్పలేదు. కాబట్టి ప్రతి మాటకూ జవాబు ఇయ్యకపోతే విశ్వాసం దాచుకున్నట్టు అనుకోకండి.

పాలపిండి మాట గురించి రెండు సంగతులు తెలుసుకోండి, మీ ధైర్యానికి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువు పని నడిచినన్ని రోజులు, ఏడాదికి పైగా, ఎవరికీ బాప్తిస్మం ఇయ్యలేదు. తిండి కోసం చేరారనే మాట రావొద్దని, జనం అడుగుతున్నా ఆపాడు. పని ముగిసినంక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆ బాప్టిస్టు మిషన్ పనే తర్వాత మన వైపు వచ్చింది. నల్లగొండలో 1890లో మొదలుపెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ (ఎంబీ) అనే క్రైస్తవ శాఖ మనిషి. పాలమూరు, దేవరకొండ, వనపర్తి, గద్వాల వైపు ఎంబీ చర్చిలు కూడా ఆ తోవలో వచ్చినవే. ఆకలిలో ఎవరూ చేరలేదని నేను అనను. చేరి ఉంటారు. ఆకలితో ఉన్నవాడు, ఊరిబయట ఉంచినవాడు, తనను పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టి అక్షరం నేర్పినవాని దేవుడెవరని అడిగితే అందులో సిగ్గుపడే పని ఏముంది? మన తాతలను తలుచుకొని తల దించుకోకండి.

కానీ ఇదంతా మీ బావ ముందు విప్పి వాదించకండి. ఆయన అడిగేది చరిత్ర కాదు. ఆయన తమ్ముడు కండ్ల ముందు ఎండిపోతున్నాడు. చెర్వుగట్టుకు పోదామన్నదీ ఆ భయంతోనే. మన దిక్కు కష్టమొస్తే దేవుణ్ణి అందరూ పైకే పిలుస్తారు. ఒకరు చెర్వుగట్టు జడల రామలింగేశ్వరుని దగ్గర అమావాస్య నిద్ర చేస్తారు, ఒకరు జాన్‌పహాడ్ దర్గాకు పోతారు, ఒకరు యాదగిరిగుట్టకు మొక్కుతారు. మీరు మొక్కడానికి పోలేరు, సరే. అది మెత్తగా చెప్పండి, ఆయన మొక్కును చులకన చేయకండి. నలుగురి ముందు కాకుండా, ఒక్కడే ఉన్నప్పుడు పిలిచి ఇట్లా అనండి: ‘బావా, యేసయ్య ఏం చేసిండని అడిగినవ్. ఎందుకు తక్కువ చేయలేదో నాకు తెలవదు. కానీ ఆ రాత్రి నువ్వు వచ్చినవు జూడు, నిన్ను ఆయనే పంపిండని నేను అనుకుంటున్న. నీ మేలు నేను మరువను.’ ఆయన నవ్వొచ్చు, విసుక్కోవచ్చు. అయినా ఆ ఇంట్లో మీ విశ్వాసం గురించి మీరు చెప్పగలిగిన మాటల్లో దీన్ని మించింది నాకు తోచడం లేదు. పేతురు మొదటి ఉత్తరంలో, మీ నిరీక్షణకు కారణం అడిగినవారికి జవాబు చెప్పండి అంటూనే సాత్వికంతో, భయంతో చెప్పమన్నాడు. మనవాళ్లు జవాబు దగ్గరే ఆగిపోతారు.

వార్డులో జరిగింది మీరు అనుకున్నంత పెద్ద పాపం కాదు, మీకు నిద్ర పట్టకపోవడం మాత్రం మంచిదే. మీరు యేసు ఎవరో తెలియదనలేదు. అలసిపోయి, కొత్త మనిషి ముందు బెదిరి ఒక అబద్ధం ఆడారు. పేతురు మూడు సార్లు తెలియదన్నవాడు. అట్లాంటివానికి యేసు ఒడ్డున నిప్పు రాజేసి, చేపలు కాల్చి పెట్టి, మూడు సార్లు ప్రేమిస్తున్నావా అని అడిగి పని అప్పగించాడు. మీది సరిదిద్దడానికి ఒక్క మాట చాలు. ‘అక్కా, ఆ రోజు పిల్ల పుస్తకం అన్న గదా, అది బైబిల్. ఎందుకో చెప్పలేకపోయిన. అది చదివితే నాకు నిమ్మళంగ ఉంటది.’ ఆమె ఇంకా అడిగితే చెప్పండి. అడగకపోతే వాళ్ల ఆయన ఎట్లున్నాడో మీరే అడగండి.

ఒక సంగతి గుర్తు పెట్టుకోండి. ఆ వార్డులో పడుకున్నవాళ్లు నాలుగు గంటలు మిషన్‌కు కట్టేసినట్టు ఉంటారు. మీ మాట నచ్చకపోయినా లేచి బయటికి పోలేరు. అందుకే అక్కడ గొంతెత్తి ప్రార్థన చేయడం, అడగకుండా చేయి పెట్టడం, కరపత్రాలు పంచడం నాకు న్యాయం అనిపించదు. ‘మీ ఆయన కోసం ప్రార్థన చేయనా’ అని అడగండి. వద్దంటే ఇంటి దగ్గర చేయండి. మనుషుల ముందు నన్ను ఒప్పుకోండి అన్న యేసే, గదిలోకి పోయి తలుపు వేసుకొని ప్రార్థన చేయండి అన్నాడు. రెండూ మత్తయిలోనే ఉన్నాయి. అడిగిన చోట దాచకూడదు. ఎవరూ అడగని చోట చాటింపు వేయకపోతే నేరమేమీ కాదు.

ఇక సర్టిఫికెట్. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, ఎందుకంటే మీ తమ్ముని భయం ఉత్తది కాదు. రాజ్యాంగం 25వ అధికరణం ఎవరికైనా తన మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. కానీ 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం, హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవారు ఎస్సీలు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లిములకు లేదు. అంటే ఒకచోట హక్కుగా ఇచ్చిన పనికే ఇంకోచోట మూల్యం కట్టాలి, అది కూడా పేదవాళ్లే కట్టాలి. దీని మీద 2004 నుంచి సుప్రీంకోర్టులో పిటిషన్ నడుస్తోంది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ కూడా వేసింది. మరోవైపు 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మేది ఒక మతం అయి రిజర్వేషన్ కోసమే ఇంకో మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని తీర్పు ఇచ్చింది. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు, వారి పిల్లలు బీసీ-సీ కిందికి వస్తారు. అందులో ఉన్నది ఒక శాతం రిజర్వేషనే.

మీ బిడ్డ బాప్తిస్మం తీసుకుందా, ఆమె ఏం నమ్ముతుంది, ఇంట్లో ఏ ఆచారం నడుస్తుంది అనేవన్నీ ఇందులో లెక్కకు వస్తాయి. నేను ఇక్కడ కూర్చొని చెప్పగలిగేది కాదు. నల్లగొండ కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా సలహా ఇస్తారు. డయాలసిస్‌కు పోయిన రోజు ఒక గంట చూసుకొని వెళ్లండి. నా మనసులో మాట అడిగితే, ఎవరి ముందూ మీ నమ్మకాన్ని కాదనమని చెప్పలేను, బిడ్డ చదువును మంటలో వేయమనీ చెప్పలేను. బిడ్డను కూర్చోబెట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆమె పేరు మీద ఉండే కాగితం గురించి ఆమెకు తెలియకుండా మీరూ మీ తమ్ముడూ తేల్చకండి. ఈ చిక్కులో పడ్డ కుటుంబాలను కొందరు బోధకులు వేదిక మీద తిడుతుంటారు. బిడ్డ ఫీజు కట్టే బాధ్యత తీసుకోలేనివారికి ఆ మాట అనే హక్కు లేదు.

ఆఖరున మీ ఆయన గురించి. మీరు ఒక్క వాక్యంలో రాసి దాటేశారు. నాకు మాత్రం మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే. ‘నేను పోతే మీకు తిప్పలు తప్పుతయి’ అని అన్నప్పుడు ‘అట్ల అనొద్దు, దేవుడున్నడు’ అని నోరు మూయించకండి. నేను మా తమ్మునికి చేసింది అదే. దగ్గర కూర్చొని సూటిగా అడగండి: ‘చచ్చిపోవాలె అనిపిస్తుందా?’ అడిగితే ఆలోచన పుడుతుందనే భయం వద్దు. అడిగితే బరువు దిగుతుంది. అవును అంటే ఒంటరిగా వదలకండి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ రోజే తీసేయండి, డాక్టరుకు చెప్పండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఫోన్ నంబరు ఉంది, 14416. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు, పైసలు పడవు. మీరు కూడా మీ కోసం చేయొచ్చు. అప్పు టెన్షన్ కూడా ఆ మాటల్లో ఉంటుంది. డయాలసిస్ చేయించుకునేవారికి ప్రభుత్వం పింఛను ఇస్తోంది, ఇంకా పెట్టుకోకపోతే ఎంపీడీవో ఆఫీసులో అడగండి.

ఇంకో సంగతి, సాక్ష్యం చెప్పాలా వద్దా అని మీరు నన్ను అడిగారు, సంఘ పెద్దలతో మాట్లాడారు. ఆయనను అడిగినట్టు మాత్రం ఎక్కడా రాయలేదు. జబ్బు ఆయనది. మైకులో వినపడేది ఆయన ఒంటి సంగతి. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి అడగనక్కరలేదని ఎవరైనా అంటే వినకండి. ఈసారి నల్లగొండ పోయినప్పుడు మిషన్ మీద నాలుగు గంటలు ఇద్దరూ ఒక్కచోటే ఉంటారు కదా. పుస్తకం పక్కన పెట్టి, ‘కూడికల నీ గురించి ఏం చెప్పమంటవ్?’ అని అడగండి. ఆయన చెప్పింది ఒక కాగితం మీద రాసుకోండి. వద్దంటే ఆయన సంగతి తీయకుండా మీ మాట మీరు చెప్పండి.